గ్లుటమేట్‌తో ఆస్ట్రోసైట్ మెరిసింది, కానీ ఏ రిసెప్టర్ వల్ల? తేల్చుకునే పద్ధతి, అడుగడుగునా

గ్లియా (మెదడులో నాడీకణాలకు తోడుగా ఉండే కణాలు) మీద ప్రాజెక్టు చేసే విద్యార్థుల పోస్టర్లలో తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది: "గ్లుటమేట్ ఇవ్వగానే ఆస్ట్రోసైట్లలో కాల్షియం పెరిగింది, కాబట్టి వీటిలో గ్లుటమేట్ రిసెప్టర్లు పనిచేస్తున్నాయి." మొదటి సగానికి సాక్ష్యం ఉంది, రెండో సగానికి లేదు. (ఆస్ట్రోసైట్ ఒక రకం గ్లియా కణం. గ్లుటమేట్ నాడీకణాలు సంకేతంగా వదిలే రసాయనం, దాన్ని పట్టుకునే కణపు ప్రొటీనే రిసెప్టర్. కాల్షియం పెరిగితే మెరిసే డైని కణంలో వేసి ఇదంతా చూస్తారు.) గ్లుటమేట్ తగిలాక ఆస్ట్రోసైట్‌లో కాల్షియం పెరగడానికి కనీసం నాలుగు దారులున్నాయి. లోపలి నిల్వల నుంచి కాల్షియాన్ని వదిలించే మెటబోట్రోపిక్ రిసెప్టర్ ఒకటి. బయటి కాల్షియాన్ని నేరుగా లోపలికి రానిచ్చే చానల్ రిసెప్టర్ ఇంకొకటి. మూడోది అసలు రిసెప్టరే కాదు, గ్లుటమేట్‌ను లోపలికి లాగే ట్రాన్స్‌పోర్టర్. నాలుగోది పక్క కణం వదిలిన ఏటీపీ (కణాలు సంకేతంగా కూడా వాడే శక్తి అణువు). పిపెట్‌తో గట్టిగా పోసినా కణం మెరుస్తుంది, కావాలంటే దాన్ని ఐదోది అనుకోండి.

ఈ దారుల్ని ఒక్కొక్కటిగా మూసుకుంటూ వెళ్లి, చివరికి మిగిలింది ఏదో చూడటమే ఇక్కడ చెప్పబోయే పద్ధతి. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా వర్సిటీ, వెటర్నరీ వర్సిటీ, స్విమ్స్, ఏర్పేడు వైపు ఐసర్ ఇలా జీవశాస్త్రం చదివే చోట్లు చాలానే ఉన్నాయి. సెల్ కల్చర్ హుడ్, ఒక మంచి ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ అందుబాటులో ఉన్న ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఖరీదైన పరికరాలున్న వాళ్లకు కూడా కంట్రోళ్లు ఇవే, మారవు.

అడుగు 1: ఏ కణంలో ఏ రిసెప్టర్ ఉండొచ్చో ముందు కాగితం మీద

గ్లుటమేట్ రిసెప్టర్లు రెండు పెద్ద కుటుంబాలు. మొదటిది ఐయనోట్రోపిక్: ఆంపా, కైనేట్, ఎన్ఎండీఏ. ఇవి స్వయంగా చానళ్లే. గ్లుటమేట్ అతుక్కుంటే మిల్లీసెకన్లలో తెరుచుకుంటాయి. రెండోది మెటబోట్రోపిక్, పొట్టిగా ఎంగ్లూఆర్. వీటిలో 8 రకాలు, మూడు గ్రూపులు. గ్రూప్ 1లో ఎంగ్లూఆర్1, ఎంగ్లూఆర్5 ఉన్నాయి. ఇవి జీక్యూ ప్రొటీన్ ద్వారా ఫాస్ఫోలైపేస్ సీని లేపుతాయి, దాంతో ఐపీ3 తయారవుతుంది, అది ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ నుంచి కాల్షియం వదిలిస్తుంది. గ్రూప్ 2 (ఎంగ్లూఆర్2, 3), గ్రూప్ 3 (ఎంగ్లూఆర్4, 6, 7, 8) జీఐ ప్రొటీన్‌తో పనిచేస్తాయి, సైక్లిక్ ఏఎంపీని తగ్గిస్తాయి.

ఆస్ట్రోసైట్లలో ముఖ్యంగా లెక్కలోకి వచ్చేవి రెండు: ఎంగ్లూఆర్5, ఎంగ్లూఆర్3. గ్లుటమేట్ ఇస్తే కల్చర్‌లోని ఆస్ట్రోసైట్లలో కాల్షియం అలలు లేస్తాయని 1990లో కార్నెల్-బెల్, ఆమె సహచరులు సైన్స్ పత్రికలో చూపించాక, అప్పటిదాకా నాడీకణాలకు ఊరికే ఆసరా అనుకున్న ఈ కణాల మీద చూపు మారింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎంగ్లూఆర్5దే కథ. 2013లో అదే పత్రికలో వచ్చిన ఇంకో పరిశోధన ఆ కథకు బ్రేక్ వేసింది. చిట్టెలుకల్లో పుట్టిన మొదటి మూడు వారాల దాకా ఆస్ట్రోసైట్లలో ఎంగ్లూఆర్5 బాగా ఉంటుంది, పెద్దయ్యాక బాగా పడిపోతుంది, ఎంగ్లూఆర్3 మాత్రం నిలబడుతుంది అని తేలింది. కాబట్టి మీ నోట్‌బుక్ మొదటి పేజీలో జంతువు వయసు రాయకపోతే, తర్వాత రాసిన వాటికి పెద్ద విలువ ఉండదు.

ఈ దశలో ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని ఒకటుంది. బెన్ బారెస్ ల్యాబ్ 2014లో చిట్టెలుక మెదడు కణాల్ని రకాలుగా విడదీసి చేసిన ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ సమాచారం ఉచితంగా దొరుకుతుంది. అందులో ఎంగ్లూఆర్5 జీన్ జీఆర్ఎం5, ఎంగ్లూఆర్3 జీన్ జీఆర్ఎం3, ట్రాన్స్‌పోర్టర్ జీన్లు ఎస్ఎల్‌సీ1ఏ2, ఎస్ఎల్‌సీ1ఏ3 వెతికి, ఆస్ట్రోసైట్, మైక్రోగ్లియా (మెదడులోని రోగనిరోధక కణాలు), ఓలిగోడెండ్రోసైట్ (నాడీతంతువులకు మైలిన్ తొడుగు వేసే కణాలు) స్తంభాల్ని పక్కపక్కన చూడండి. ఎస్ఎల్‌సీ1ఏ2 ఆస్ట్రోసైట్లలో ఎంత ఎత్తున ఉంటుందో చూశాక, ట్రాన్స్‌పోర్టర్‌ను పక్కన పెట్టి ఏ ప్రయోగమూ చేయలేమని మీకే అర్థమవుతుంది. ఆర్ఎన్ఏ ఉన్నంత మాత్రాన ప్రొటీన్ ఉన్నట్టు కాదు, అది వేరే విషయం.

అడుగు 2: అనుమతి, కణాలు

రాట్ పిల్లల మెదడు నుంచి కణాలు తీయాలంటే మీ సంస్థ యానిమల్ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే ఉండాలి. ఆ కమిటీ సీసీఎస్ఈఏ (పాత పేరు సీపీసీఎస్ఈఏ) కింద నమోదై ఉండాలి. దీనికి నెలలు పట్టొచ్చు. సెమిస్టర్ మొదట్లోనే ఫారం పెట్టండి.

అనుమతి రాకముందు చేయి తిరగడానికి పుణె ఎన్‌సీసీఎస్ నుంచి సీ6 గ్లియోమా కణాలు తెప్పించుకోవచ్చు. డై లోడింగ్, ఇమేజింగ్ నేర్చుకోవడానికి అవి చాలు. కానీ సీ6 1968లో రాట్ మెదడు ట్యూమర్ నుంచి తీసిన లైన్. దాని రిసెప్టర్ల గురించి రాసేటప్పుడు "ఆస్ట్రోసైట్లు" అనకండి, "సీ6 కణాలు" అనే రాయండి.

అసలు కల్చర్‌కి మెకార్తీ, డి వెల్లిస్ 1980లో చెప్పిన పద్ధతే ఇప్పటికీ ఎక్కువ మంది వాడతారు. పుట్టి 1 నుంచి 3 రోజులైన రాట్ పిల్లల కార్టెక్స్ తీసుకుని, మెనింజెస్ పొరను జాగ్రత్తగా ఒలిచేయాలి. ఈ పని ఓపిగ్గా చేయండి, పొర మిగిలితే ఫైబ్రోబ్లాస్టులు కల్చర్‌ను ఆక్రమిస్తాయి. సన్నగా కోసి, ట్రిప్సిన్‌లో 37 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచి, పిపెట్‌తో విడగొట్టి, 70 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి, పాలీ-డీ-లైసిన్ పూసిన టీ75 ఫ్లాస్కులో డీఎంఈఎం (పోషక మీడియా), 10 శాతం ఎఫ్‌బీఎస్ (దూడ సీరం) తో వేయాలి. మర్నాడు మీడియా మార్చాలి, తర్వాత మూడు రోజులకోసారి. వారం, పది రోజుల్లో ఫ్లాస్కు నిండుతుంది. అప్పుడు మూత బిగించి 37 డిగ్రీల షేకర్‌లో 200 ఆర్‌పీఎంతో రాత్రంతా ఊపితే పైన ఉన్న మైక్రోగ్లియా, ఓలిగోడెండ్రోసైట్ పూర్వకణాలు ఊడిపోతాయి, కింద ఆస్ట్రోసైట్ పొర మిగులుతుంది. వాటిని ట్రిప్సిన్‌తో లేపి కవర్‌స్లిప్‌ల మీదికి మార్చాలి. ఒక కవర్‌స్లిప్‌ను జీఎఫ్ఏపీ (ఆస్ట్రోసైట్ గుర్తు), ఐబీఏ1 (మైక్రోగ్లియా గుర్తు) యాంటీబాడీలతో స్టెయిన్ చేసి ఎంత శుద్ధంగా ఉందో లెక్కించండి. మైక్రోగ్లియా కొద్దిగా మిగిలినా ఏటీపీకి గట్టిగా స్పందించి మీ ఫలితాన్ని గందరగోళం చేస్తుంది.

యానిమల్ హౌస్ ఒక క్యాంపస్‌లో, మంచి మైక్రోస్కోప్ ఇంకో క్యాంపస్‌లో ఉండటం మన దగ్గర మామూలే. టౌన్ నుంచి ఏర్పేడు దాకా కణాల్ని తీసుకెళ్లాలంటే ఫ్లాస్కును గొంతు దాకా మీడియాతో నింపి, గాలి బుడగ లేకుండా మూత బిగించి, పారాఫిల్మ్ చుట్టి, గోరువెచ్చని జెల్ ప్యాక్‌తో థర్మోకోల్ బాక్సులో పెట్టండి. సగం నింపిన ఫ్లాస్కు బైక్ మీద ఊగితే కణాలు ఊడొస్తాయి. చేరాక ఒక రోజు ఇంక్యుబేటర్‌లో విశ్రాంతి ఇచ్చాకే ఇమేజింగ్. మే నెల మధ్యాహ్నం ఈ ప్రయాణం పెట్టుకోకండి, బాక్సు లోపల 40 దాటితే ఆ కణాల్లో మీరు కొలిచేది హీట్ షాక్.

అడుగు 3: కల్చర్ కణాలకు ఎంగ్లూఆర్5 ఉండేలా చూసుకోవడం

చాలా ప్రొటోకాళ్లలో ఈ అడుగు ఉండదు, సగం మంది "నా కణాలు పలకడం లేదు" అనేది ఇక్కడే. సీరంలో పెంచిన ఆస్ట్రోసైట్లు చదునుగా, పలకల్లా పరుచుకుంటాయి. మెదడులో ఉండే కొమ్మల ఆకారం వాటికి ఉండదు. ఎంగ్లూఆర్5 కూడా తక్కువే ఉంటుంది. ఈజీఎఫ్, ఎఫ్‌జీఎఫ్-2 లాంటి గ్రోత్ ఫ్యాక్టర్లు ఇస్తే ఆస్ట్రోసైట్లలో ఎంగ్లూఆర్5 బాగా పెరుగుతుందని 1995లోనే చూపించారు. కాబట్టి ఇమేజింగ్‌కి రెండు మూడు రోజుల ముందు సీరం తీసేసి, ఈజీఎఫ్ (10 నానోగ్రాములు ప్రతి మిల్లీలీటరుకు), ఎఫ్‌జీఎఫ్-2 ఉన్న సీరం లేని మీడియాలోకి మార్చండి. మార్చని కవర్‌స్లిప్‌లు కూడా కొన్ని ఉంచుకోండి. రెంటి మధ్య తేడా కనిపిస్తే అదే మీకు మొదటి ఫలితం.

దీనికి ఒక వెల ఉంది. గ్రోత్ ఫ్యాక్టర్ పోసి పెంచిన రిసెప్టర్‌ను చూపించి "పెద్ద జంతువు మెదడులో ఇలా జరుగుతుంది" అనలేం. కల్చర్‌లో చూసింది యంత్రాంగం ఎలా పనిచేస్తుందో చెబుతుంది, మెదడులో ఎంత జరుగుతుందో చెప్పదు.

వెస్టర్న్ బ్లాట్‌తో ఎంగ్లూఆర్5 చూసే వాళ్లకు ఒక మాట: శాంపిల్‌ను 95 డిగ్రీల దగ్గర మరిగించకండి. కణపొరను ఏడుసార్లు దాటే ఇలాంటి రిసెప్టర్లు మరిగిస్తే ముద్దకట్టి జెల్ పైనే ఆగిపోతాయి. ఎంగ్లూఆర్5 జంటగా ఉండే ప్రొటీన్ కాబట్టి మోనోమర్ బ్యాండ్‌తో పాటు దానికి రెట్టింపు ఎత్తులో డైమర్ బ్యాండ్ కనిపించడం తప్పేమీ కాదు.

అడుగు 4: ద్రావణాలు, మందులు

ఇమేజింగ్ బఫర్: సోడియం క్లోరైడ్ 140, పొటాషియం క్లోరైడ్ 5, కాల్షియం క్లోరైడ్ 2, మెగ్నీషియం క్లోరైడ్ 1, హెపెస్ 10, గ్లూకోజ్ 10 మిల్లీమోలార్. సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7.4. బైకార్బొనేట్ మీడియా వాడి, మైక్రోస్కోప్ దగ్గర కార్బన్ డయాక్సైడ్ లేకపోతే పదిహేను నిమిషాల్లో పీహెచ్ పైకి పోతుంది. అందుకే హెపెస్. కాల్షియం లేని రెండో బఫర్ కూడా చేసుకోండి: కాల్షియం క్లోరైడ్ తీసేసి, 1 మిల్లీమోలార్ ఈజీటీఏ (మిగిలిన కాల్షియాన్ని పట్టేసేది) వేయాలి. నీళ్లు మిల్లీ-క్యూవే (ల్యాబ్‌లో బాగా శుద్ధి చేసిన నీళ్లు). మన బోరు నీళ్లలో కాల్షియం గురించి బకెట్ అడుగున పేరుకున్న తెల్లపొర చూసిన వాళ్లకు చెప్పక్కర్లేదు. కడిగిన సీసాల్ని కూడా చివర్లో మిల్లీ-క్యూతో రెండుసార్లు తొలచండి.

ఇక గ్లుటమేట్. సీసా మీద "ఎల్-గ్లుటామిక్ యాసిడ్" అని ఉందా, "మోనోసోడియం సాల్ట్ మోనోహైడ్రేట్" అని ఉందా చూడండి. శుద్ధమైన యాసిడ్ నీళ్లలో సరిగ్గా కరగదు. గది ఉష్ణోగ్రతలో లీటరుకు 9 గ్రాముల లోపే, అంటే 100 మిల్లీమోలార్ స్టాక్ అసలు తయారవ్వదు. కరిగినంత మేర పుల్లగా ఉంటుంది. దాన్ని పీహెచ్ సరిచేయకుండా కణాల మీద పోస్తే మీరు చూసే కాల్షియం యాసిడ్ వల్ల కావచ్చు. సోడియం సాల్ట్ మోనోహైడ్రేట్ మాలిక్యులర్ వెయిట్ 187.13. 10 మిల్లీలీటర్ల 100 మిల్లీమోలార్ స్టాక్‌కి 187 మిల్లీగ్రాములు తూచండి. ఈ సాల్ట్ మనకు కొత్తదేమీ కాదు, ఊళ్లో ఫాస్ట్‌ఫుడ్ బండ్ల మీద నూడుల్స్‌లో చల్లే అజినమోటో అదే. కికునే ఇకెడా 1908లో జపాన్‌లో కొంబు అనే సముద్రపు నాచు నుంచి తీశాడు. నూడుల్స్ తింటే మెదడులో గ్లుటమేట్ పెరిగిపోతుందా అని ఇంట్లో వాళ్లు అడుగుతారు. తిన్నదాంట్లో చాలా భాగం పేగు గోడలోని కణాలే వాడేసుకుంటాయి, రక్తంలోకి వచ్చిన కొద్దిపాటిని బ్లడ్-బ్రెయిన్ బ్యారియర్ ఆపుతుంది. ల్యాబ్‌కి మాత్రం కిరాణా కొట్టు పొట్లం పనికిరాదు, సెల్ కల్చర్ గ్రేడే కొనండి.

మిగతా మందుల జాబితా పొడుగే కానీ ప్రతిదానికీ ఒక ప్రశ్న ఉంది. గ్రూప్ 1 రిసెప్టర్లను మాత్రమే లేపడానికి డీహెచ్‌పీజీ (10 నుంచి 50 మైక్రోమోలార్). ఎంగ్లూఆర్5ను మూయడానికి ఎంపెప్ (1 మైక్రోమోలార్ సరిపోతుంది, 20 దాటితే ఎన్ఎండీఏ రిసెప్టర్లను కూడా తాకుతుంది). ఆంపా, కైనేట్ మూయడానికి ఎన్‌బీక్యూఎక్స్ (10 మైక్రోమోలార్). ఎన్ఎండీఏకి డీ-ఏపీ5 (50 మైక్రోమోలార్). ట్రాన్స్‌పోర్టర్లకు టీబీఓఏ. లోపలి కాల్షియం నిల్వల్ని ఖాళీ చేయడానికి థాప్సిగార్జిన్ (1 మైక్రోమోలార్). కణం బతికే ఉందని చూపించడానికి ఏటీపీ (10 నుంచి 100 మైక్రోమోలార్). అన్నీ చిన్న చిన్న ట్యూబుల్లో పంచి, మైనస్ 20లో పెట్టండి. డీహెచ్‌పీజీ ట్యూబును కరిగించి మళ్లీ గడ్డకట్టించకండి.

డ్రై ఐస్‌లో రావాల్సిన సరుకు చెన్నై నుంచి మూడు నాలుగు గంటల దారే. అయినా బ్రహ్మోత్సవాల వారంలో, ముఖ్యంగా గరుడ సేవ దగ్గర్లో ఆర్డర్ పెట్టకండి. ఆ జనంలో కొరియర్ వ్యాన్ ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు, డ్రై ఐస్ మాత్రం ఆగదు.

అడుగు 5: డై లోడింగ్

ఫ్లూఓ-4 (కాల్షియం అతుక్కుంటే మెరిసే డై), కణంలోకి దూరగలిగే ఏఎం రూపంలో, 2 నుంచి 5 మైక్రోమోలార్, డై కరగడానికి 0.02 శాతం ప్లూరానిక్ ఎఫ్-127తో కలిపి 30 నిమిషాలు. తర్వాత డై లేని బఫర్‌లో రెండుసార్లు కడిగి ఇంకో 20, 30 నిమిషాలు వదిలేయాలి. ఈ రెండో విరామం తగ్గించొద్దు. ఏఎం గుంపు పూర్తిగా విడిపోయేది అప్పుడే. ఈ కడగడం వల్ల ఇంకో మేలు కూడా ఉంది. సీరంలో, పాతబడిన మీడియాలో గ్లుటమేట్ ఉంటుంది, అది మిగిలితే రిసెప్టర్లు ముందే అలసిపోతాయి.

ఏసీ ఆగిపోయి గది 35 డిగ్రీలకు పోయిన రోజు డై కణం నుంచి త్వరగా బయటికి కారిపోతుంది, కొంత లోపలి గదుల్లో ఇరుక్కుంటుంది. ప్రొబెనెసిడ్ 1 మిల్లీమోలార్ కొంత ఆపుతుంది. గది ఉష్ణోగ్రత నోట్‌బుక్‌లో రాయడం అలవాటు చేసుకోండి, జనవరి డేటా, మే డేటా కలిపి గ్రాఫ్ గీసినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

అడుగు 6: రికార్డింగ్

488 నానోమీటర్ల వెలుగుతో లేపి 516 దగ్గర చదవాలి. సోమా (కణం ప్రధాన భాగం) కాల్షియానికి సెకనుకు ఒక ఫ్రేమ్ చాలు. మొదటి నిమిషం ఏమీ ఇవ్వకుండా బేస్‌లైన్. తర్వాత పర్‌ఫ్యూజన్ (ద్రావణాన్ని కణాల మీదుగా ఆగకుండా పారించడం) ద్వారా, నిమిషానికి 1 నుంచి 2 మిల్లీలీటర్ల వేగంతో, అర నిమిషం నుంచి ఒక నిమిషం మందు. తర్వాత కడగడం.

పర్‌ఫ్యూజన్ లేదు, పిపెట్‌తోనే పోస్తాం అనే ల్యాబులు మన చుట్టూ చాలానే ఉన్నాయి. తప్పదనుకుంటే ముందు ఖాళీ బఫర్‌ను అంతే పరిమాణంలో, అదే చేత్తో, అదే వేగంతో పోసి చూడండి. ప్రవాహం తగిలితేనే ఆస్ట్రోసైట్లు ఏటీపీ వదులుతాయి, దాంతో పక్కవన్నీ మెరుస్తాయి. ఖాళీ బఫర్‌కే మెరిసిన కవర్‌స్లిప్‌ను ఆ రోజుకి పక్కన పెట్టండి. ఇంకో చిక్కు: నిండుగా ఉన్న ఆస్ట్రోసైట్ పొర బయటి గ్లుటమేట్‌ను నిమిషాల్లో తాగేస్తుంది. నిలవ నీళ్లలో 100 మైక్రోమోలార్ వేశాననుకున్నది కాసేపటికి 100 ఉండదు.

స్పందన ఆకారం కూడా చూడండి. ఎంగ్లూఆర్5 అయితే ఒక శిఖరంతో ఆగక, కాల్షియం పైకీ కిందికీ ఊగుతూ ఉండటం తరచూ కనిపిస్తుంది. దానికి దగ్గరి బంధువైన ఎంగ్లూఆర్1 సాధారణంగా ఒక్క శిఖరంతో సరిపెడుతుంది. ఈ తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లం దగ్గర ఉందని 1996లో నేచర్ పత్రికలో వచ్చింది: ఎంగ్లూఆర్5లో 840వ స్థానంలోని త్రియోనీన్‌కి ప్రొటీన్ కైనేజ్ సీ ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఎంగ్లూఆర్1లో ఆ చోట ఆస్పార్టేట్ ఉంటుంది. ఆకారం సూచన మాత్రమే, రుజువు కాదు. అయినా బ్లాకర్ వేయకముందే మీ అనుమానం ఎటుందో చెబుతుంది.

అడుగు 7: దారుల్ని మూయడం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ముందుగా 100 మైక్రోమోలార్ గ్లుటమేట్. స్పందన వచ్చిందనుకుందాం. ఇప్పుడు అదే ప్రయోగం కాల్షియం లేని బఫర్‌లో. స్పందన మొదటి శిఖరం అలాగే ఉంటే కాల్షియం లోపలి నుంచే వస్తోంది, అనుమానం మెటబోట్రోపిక్ వైపు. శిఖరం పూర్తిగా పోతే కాల్షియం బయటి నుంచి వస్తోంది, అనుమానం చానల్ రిసెప్టర్ల మీద లేదా ట్రాన్స్‌పోర్టర్ మీద. కాల్షియం లేని బఫర్‌లో ఐదు నిమిషాలకు మించి ఉంచకండి, లోపలి నిల్వలే తరిగిపోయి తప్పుడు జవాబు వస్తుంది. ఈ ఫలితాన్ని థాప్సిగార్జిన్‌తో అటు వైపు నుంచి కూడా పరీక్షించాలి. నిల్వలు ఖాళీ అయ్యాక స్పందన రాకపోతే రెండు సాక్ష్యాలు కలిసినట్టు.

మెటబోట్రోపిక్ దారిలో పడితే డీహెచ్‌పీజీ ఇవ్వండి, వస్తే ఎంపెప్‌తో ఆపండి. ఇక్కడ జంట పల్స్ పద్ధతి వాడాలి. మొదటి డీహెచ్‌పీజీ పల్స్, 10 నుంచి 15 నిమిషాల కడగడం, ఐదు నిమిషాలు ఎంపెప్, దాని మీదే రెండో డీహెచ్‌పీజీ పల్స్. రెండో పల్స్ తగ్గితే ఎంపెప్ పనిచేసిందని సంబరపడకండి. ఎంగ్లూఆర్5 డీసెన్సిటైజ్ అవుతుంది (ఒకసారి లేచాక మొద్దుబారుతుంది), ఎంపెప్ లేకుండానే రెండో పల్స్ చిన్నదవ్వొచ్చు. కాబట్టి సగం కవర్‌స్లిప్‌లకు రెండు పల్సులూ బ్లాకర్ లేకుండా ఇచ్చి, రెండో పల్స్, మొదటి పల్స్ నిష్పత్తిని రెండు గుంపుల మధ్య పోల్చాలి. చివర్లో ఎంపెప్ ఉండగానే ఏటీపీ ఇవ్వండి. ఏటీపీ రిసెప్టర్లు కూడా ఐపీ3 దారినే వాడతాయి. ఏటీపీ స్పందన మామూలుగా ఉంటే, ఎంపెప్ కింది యంత్రాంగాన్ని కాక రిసెప్టర్‌నే ఆపిందని చెప్పగలరు. పరీక్షకులు మొదట అడిగే ప్రశ్న ఇదే, అయినా ఈ ఒక్క కంట్రోల్ లేని థీసిస్‌లు ఇంకా వస్తూనే ఉన్నాయి.

చానల్ దారిలో పడితే రెండు ఉచ్చులున్నాయి. మొదటిది: ఆంపా రిసెప్టర్లు గ్లుటమేట్ తగిలిన కొన్ని మిల్లీసెకన్లలోనే మూసుకుపోతాయి. నెమ్మదైన పర్‌ఫ్యూజన్‌లో అవి తెరుచుకున్నట్టే తెలియదు, "ఆంపా లేదు" అని రాసేస్తాం. సైక్లోథయజైడ్ ఇస్తే మూసుకోవడం ఆగుతుంది, అప్పుడు చూడాలి. రెండోది: కైనేట్ ఇస్తే స్పందన వచ్చింది కాబట్టి కైనేట్ రిసెప్టర్లు ఉన్నాయనడం. కైనేట్ ఆంపా రిసెప్టర్లను కూడా తెరుస్తుంది, పైగా అంత త్వరగా మూసుకోనివ్వదు. ఎన్‌బీక్యూఎక్స్ రెండింటినీ మూస్తుంది కాబట్టి తేడా చెప్పదు. జీవైకేఐ 53655 ఆంపాను మాత్రమే మూస్తుంది. అది ఉన్నా మిగిలిన స్పందనే కైనేట్ రిసెప్టర్‌ది.

ఎన్ఎండీఏ కోసం మెగ్నీషియం లేని బఫర్, 10 మైక్రోమోలార్ గ్లైసిన్ కావాలి. కల్చర్ ఆస్ట్రోసైట్లలో ఇది చాలా తక్కువగా పలుకుతుంది. మెదడు కోతల్లో ఉందని చెప్పిన పరిశోధనలు ఉన్నాయి, వాదన ఇంకా నడుస్తోంది.

అడుగు 8: ట్రాన్స్‌పోర్టర్ అనే దొంగ దారి

ఆస్ట్రోసైట్లు గ్లుటమేట్‌ను లాగేసుకునేది రెండు ట్రాన్స్‌పోర్టర్ల ద్వారా: గ్లాస్ట్ (అడుగు 1లో చూసిన ఎస్ఎల్‌సీ1ఏ3 జీన్‌ది), జీఎల్‌టీ-1 (ఎస్ఎల్‌సీ1ఏ2 జీన్‌ది). పెద్ద జంతువు మెదడులో గ్లుటమేట్ తొలగింపులో సింహభాగం జీఎల్‌టీ-1దే. అది లేని చిట్టెలుకలు మూర్ఛలతో చనిపోయాయని 1997లో చూపించారు. ఒక్కో గ్లుటమేట్‌తో పాటు 3 సోడియం అయాన్లు, 1 ప్రోటాన్ లోపలికి వస్తాయి, 1 పొటాషియం బయటికి పోతుంది. అంటే గ్లుటమేట్ లోపలికి వచ్చిన కొద్దీ కణంలో సోడియం పేరుకుంటుంది. మామూలుగా సోడియాన్ని లోపలికి తెచ్చి కాల్షియాన్ని బయటికి పంపే ఎక్స్‌ఛేంజర్, సోడియం ఎక్కువయ్యేసరికి తలకిందులుగా తిరిగి కాల్షియాన్నే లోపలికి తెస్తుంది. రిసెప్టర్ ప్రమేయం లేకుండానే కణం మెరిసింది!

దీన్ని పట్టుకోవడానికి డీ-ఆస్పార్టేట్ చక్కని సాధనం. ట్రాన్స్‌పోర్టర్ దాన్ని గ్లుటమేట్ లాగే లోపలికి తీసుకుంటుంది, ఆంపాను గానీ మెటబోట్రోపిక్ రిసెప్టర్లను గానీ అది లేపదు. ఎన్ఎండీఏను లేపగలదు కాబట్టి డీ-ఏపీ5 పక్కన ఉంచండి. డీ-ఆస్పార్టేట్‌తో కాల్షియం పెరిగి, టీబీఓఏతో ఆగితే అది ట్రాన్స్‌పోర్టర్ దారే. గ్లుటమేట్‌తో పాటు టీబీఓఏ వేసినప్పుడు మాత్రం జాగ్రత్త: తొలగింపు ఆగడంతో బయట గ్లుటమేట్ ఎక్కువసేపు నిలిచి, రిసెప్టర్ స్పందన ఇంకా పెరగొచ్చు. ఆ పెరుగుదలను ట్రాన్స్‌పోర్టర్ లేదనడానికి సాక్ష్యంగా వాడకండి. సీరం కల్చర్‌లో జీఎల్‌టీ-1 తక్కువ, గ్లాస్టే ఎక్కువ. జీఎల్‌టీ-1 కావాలంటే డైబ్యుటిరిల్ సైక్లిక్ ఏఎంపీ ఇవ్వాలి, లేదా నాడీకణాలతో కలిపి పెంచాలి.

అడుగు 9: మెరవని రిసెప్టర్

పెద్ద వయసు ఆస్ట్రోసైట్లలో నిలబడేది ఎంగ్లూఆర్3 అన్నాం కదా. అది జీఐతో పనిచేస్తుంది కాబట్టి ఫ్లూఓ-4తో వెతికితే దొరకకపోవచ్చు. కాల్షియం రాలేదు కాబట్టి రిసెప్టర్ లేదనడం సరికాదు. ఫోర్స్‌కోలిన్‌తో సైక్లిక్ ఏఎంపీని పైకి లేపి, గ్రూప్ 2 అగోనిస్ట్ (ఆ రిసెప్టర్లను లేపే మందు) ఎల్‌వై379268 ఇస్తే అది ఎంత తగ్గుతుందో ఎలైజా కిట్‌తో కొలవండి. గ్రూప్ 2ను మూసే ఎల్‌వై341495తో ఆ తగ్గుదల ఆగాలి. మైక్రోస్కోప్ కూడా అక్కర్లేని ప్రయోగం. ప్లేట్ రీడర్ చాలు, అది దాదాపు ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ ఉంటుంది. నన్నడిగితే తక్కువ వసతులున్న ల్యాబ్ కాల్షియం కంటే ముందు ఇదే చేయాలి.

అడుగు 10: లెక్కలు

ఫిజీ సాఫ్ట్‌వేర్ ఉచితం. ప్రతి కణం చుట్టూ ఆర్‌ఓఐ (కొలవాల్సిన ప్రాంతం) గీసి, బ్యాక్‌గ్రౌండ్ తీసేసి, బేస్‌లైన్ సగటును ఎఫ్0గా తీసుకుని డెల్టా ఎఫ్ బై ఎఫ్0 లెక్కించండి. బేస్‌లైన్ సగటు కంటే మూడు స్టాండర్డ్ డీవియేషన్లు దాటితేనే స్పందనగా తీసుకోవాలని ముందే నిర్ణయించుకోండి, డేటా చూశాక కాదు. ఆర్‌ఓఐలు గీసే మనిషికి ఏ కవర్‌స్లిప్‌కి ఏ మందో తెలియకపోతే ఇంకా మంచిది.

ఎక్కువ గొడవ "ఎన్" (స్వతంత్ర శాంపిళ్ల సంఖ్య) దగ్గరే. ఒక కవర్‌స్లిప్‌లో 180 కణాలు కొలిచి "ఎన్ 180" అని వేస్తే పీ విలువ ఎప్పుడూ అందంగా వస్తుంది. కానీ ఆస్ట్రోసైట్లు కనెక్సిన్ 43తో చేసిన గ్యాప్ జంక్షన్ల ద్వారా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, ఒకటి వదిలిన ఏటీపీకి పక్కది పలుకుతుంది. అవి 180 స్వతంత్ర సాక్షులు కావు. విడివిడి ఈతల పిల్లల నుంచి తీసిన కల్చర్ల సంఖ్యే మీ ఎన్. కణాల సంఖ్య బ్రాకెట్‌లో రాయండి. కణం, కవర్‌స్లిప్, కల్చర్ అనే మూడు స్థాయిల్నీ లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ ఆర్ సాఫ్ట్‌వేర్‌లో చేయొచ్చు, రాకపోతే స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఒక స్నేహితుణ్ని పట్టుకోండి. పక్క కణం ప్రభావాన్ని నేరుగా చూడాలంటే ఏటీపీని విరగ్గొట్టే అపైరేజ్ వేసి ప్రయోగాన్ని మళ్లీ చేయండి. అపైరేజ్ ఉన్నా డీహెచ్‌పీజీకి పలికిన కణాలు సొంతంగా పలికినట్టే.

మామూలు ఆస్ట్రోసైట్ కాని గ్లియా అయితే

సెరిబెల్లం (చిన్నమెదడు) లోని బెర్గ్‌మన్ గ్లియాలో కథ తిరగబడుతుంది. అక్కడ ప్రధానం ఆంపా రిసెప్టర్లే. వాటిలో గ్లూఏ2 అనే భాగం లేకపోవడంతో కాల్షియం నేరుగా లోపలికి వస్తుంది. 2001లో జపాన్ పరిశోధకులు ఆ కణాల్లోకి గ్లూఏ2ను చొప్పించి కాల్షియం దారి మూస్తే, సినాప్స్‌లను చుట్టుకుని ఉండే వాటి కొమ్మలు వెనక్కి ముడుచుకుపోయాయి. కాబట్టి బెర్గ్‌మన్ గ్లియా మీద పనిచేసే వాళ్లు అడుగు 7లోని చానల్ దారితో మొదలుపెట్టాలి.

ఓలిగోడెండ్రోసైట్ పూర్వకణాలకు నాడీకణాలు నేరుగా గ్లుటమేట్ సినాప్స్‌లు పెడతాయని 2000లో హిప్పోక్యాంపస్‌లో చూపించారు. ఆ కరెంట్లు మిల్లీసెకన్లలో వచ్చి పోతాయి, కాల్షియం డై వాటిని సరిగ్గా పట్టలేదు. ఇక్కడ ప్యాచ్ క్లాంప్ (కణంలో కరెంటును నేరుగా కొలిచే పద్ధతి) తప్పదు, ఆ రిగ్ లేకపోతే ఈ ప్రశ్నను ఎంచుకోకపోవడమే తెలివి.

మైక్రోగ్లియా అడుగు 2లో షేకర్ మీద ఊడిపోయిన ద్రవంలోనే ఉంటుంది, పారబోయకండి. దాన్ని సెంట్రిఫ్యూజ్ చేసి వేరే ప్లేటులో వేస్తే ఇంకో ప్రాజెక్టుకు కణాలు దొరికినట్టే. ఇక్కడ ఎక్కువగా చూసేది వాపు రేపే టీఎన్ఎఫ్-ఆల్ఫా లాంటివి ఎంత వదులుతాయన్నది. మైక్రోగ్లియా ఎండోటాక్సిన్‌కు (బ్యాక్టీరియా పొర నుంచి వచ్చే విషానికి) అతి సున్నితం. మీ గ్లుటమేట్ స్టాక్‌లో, నీళ్లలో, సీరంలో అది కొద్దిగా ఉన్నా గ్లుటమేట్ ఇచ్చినా ఇవ్వకపోయినా కణాలు రెచ్చిపోయే ఉంటాయి. ముందు స్టాకులన్నింటికీ ఎండోటాక్సిన్‌ను పట్టే ఎల్‌ఏఎల్ టెస్ట్ చేయించండి, తర్వాతే ప్లేటు తీయండి.